మాచీపత్రి సీసా

వినాయక చవితి నాడు నేను దేవుడి మొహం పాడుచేశాను. అప్పటికే నెల రోజులుగా మా ఇంట్లో మొహాల గొడవ నడుస్తోంది.

మా అమ్మాయికి పధ్నాలుగేళ్లు. ఆ వేసవిలో దాని బుగ్గల నిండా మొటిమలు వచ్చాయి. పుట్టినరోజు ఫోటో చుట్టాల గ్రూపులో పెట్టే ముందు ఫోన్‌లోనే ఆ బుగ్గల్ని నున్నగా చేశాను. తల్లిగా అది నా ధర్మం అనుకున్నాను. పిల్ల ఎంత బాగుందో అని అందరూ మెచ్చుకున్నారు.

అది మాత్రం జుట్టంతా ముందుకు వేసుకుని, ఆ తెర వెనకనుంచే అన్నం తినడం మొదలుపెట్టింది. మొహం బాగుపడకపోతే స్కూల్లో ఫోటోలు తీసే రోజున అసలు వెళ్లనంది. దాని ఆశలన్నీ మొహానికి రాసుకునే ఒక కొరియా ఎసెన్స్ సీసా మీద. రోజూ సాయంత్రం మూడు చుక్కలు, మందులా రాసుకునేది. చూస్తే నాకు ఒళ్లు మండేది. "సున్నిపిండి పెట్టుకోవే" అంటే, "అమ్మా, ప్లీజ్!" అని తలుపేసుకునేది.

ఫోటోల రోజుకు ముందురోజే చవితి వచ్చింది. అమెరికాలో మేముండే ఎడిసన్‌లో మట్టి వినాయకుడు దొరికాడు. పత్రి అని అమ్మిన కట్టలో మాత్రం నాలుగు మామిడాకులూ, ఏదో గడ్డీ ఉన్నాయి. ఇరవై ఒక్క పత్రుల్లో మొదటిదే మాచీపత్రి. ఏటా దానికి బదులు అక్షతలు వేసి, సర్దుకో స్వామీ అనేదాన్ని. ఆ పొద్దున బాత్రూమ్‌లో చేతులు కడుక్కుంటూ సీసా మీద రాసింది చదివాను. మగ్‌వర్ట్ సారమట. ఫోన్‌లో వెతికితే, అది మన మాచీపత్రి జాతే! ఆకు లేకపోతేనేం, సారమే ఇంట్లో ఉంది కదా అని పొంగిపోయాను.

పూజలో మాచీపత్రి వంతు రాగానే ఉద్ధరిణెతో పోశాను. పాదాల మీద పోద్దామనుకుంటే తొందరలో మొహం మీద పడింది. దేవుడి దగ్గర పిసినారితనం నాకు చేతకాదు, అందుకని సీసా ఖాళీ చేశాను. కాల్చని మట్టి. కథ చదవడం పూర్తయ్యేసరికి స్వామి బుగ్గల నిండా గుంటలు పడ్డాయి.

అమ్మాయి స్కూల్ నుంచి రాగానే అడిగింది.

"అమ్మా, నా ఎసెన్స్ ఏది?"

"దేవుడికి వేశాను."

ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పీట దగ్గర కూర్చుని స్వామిని చాలాసేపు చూసింది.

"ఈయనకి కూడా వచ్చాయి," అంది. "ఇప్పుడు వేరే వినాయకుణ్ని కొంటావా?"

"ఛ, అవేం మాటలే! పూజ చేసుకున్న దేవుణ్ని మొహం బాలేదని మారుస్తామా?"

"మరి నా ఫేస్ ఎందుకు మార్చావ్?"

ఆ పుట్టినరోజు ఫోటో అది చూసిందని నాకు అప్పటిదాకా తెలియదు. "తప్పయిపోయింది తల్లీ," అన్నాను. ఆ మాట దానితో అనడం అదే మొదలు.

కాసేపటికి జుట్టు చెవుల వెనక్కి తోసుకుంది. "ఈయనతో ఒక పిక్ తియ్యి," అంది. తీసి, వేలు పెట్టకుండా ఉన్నదున్నట్టు గ్రూపులో పెట్టాను.

పది నిమిషాల్లో చుట్టాలంతా లేచారు. వినాయకుడి మొహానికి ఏమైందని అడిగారు, మట్టి మంచిది కాదన్నారు, ఏ షాపులో కొన్నావని నిలదీశారు. అమ్మాయి మొహం గురించి ఒక్కరూ అడగలేదు. అది అవన్నీ రెండుసార్లు చదువుకుంది.

మర్నాడు జుట్టు వెనక్కి గట్టిగా కట్టుకుని బస్సెక్కింది.