కొట్టు నడిపినాయన ఊరు నడిపితే

వ్యాపారంలో నెగ్గుకొచ్చినవాడు దేశాన్ని కూడా నడిపేయగలడని ఎవరైనా అంటే నేను వాదనకు దిగను. మా నాన్నగారు గుర్తొస్తారు. ఆయన నడిపింది దేశం కాదు. పెనుగొండకు పక్కనున్న చిన్న పంచాయతీ, అదీ ఐదేళ్లు.

నాన్నగారిది బట్టల కొట్టు. నష్టం రానివ్వరు, కసురుకోరు, చిన్నపిల్లలతో కూడా ‘అండి’ అనే మాట్లాడతారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, కొట్టు ఇంత బాగా నడిపినవారికి ఊరొక లెక్కా అని నలుగురూ పట్టుబట్టి సర్పంచిని చేశారు. ఆయన నమ్మారు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మాను.

చిక్కల్లా బోణీతో వచ్చింది. పొద్దున్నే కొట్టు మెట్లెక్కిన మొదటి మనిషిని వట్టి చేతులతో పంపడం ఆయనకు చేతకాదు. బేరం కుదరకపోతే ధర తగ్గించి జేబురుమాలైనా అమ్మి పంపుతారు. సర్పంచి అయ్యాకా అదే అలవాటు. ఈ గుట్టు ఊరికి తెలియడానికి నెల పట్టలేదు. వీధి దీపం వెలగకపోయినా, కుళాయి రాకపోయినా, పింఛను కాగితం మీద సంతకం కావాలన్నా పంచాయతీ ఆఫీసు సంగతే మరిచిపోయి, షట్టరు ఎత్తకముందే మా మెట్ల మీద కూర్చునేవారు. ఊరంతా మా గుమ్మంలోనే తెల్లారుతోందని అమ్మ విసుక్కునేది. టోకెన్లు ఇవ్వకపోయారా అని నేను ఆటపట్టించేదాన్ని. ఆయన నవ్వేవారు. దీపాలు వెలిగాయి, కుళాయిలు వచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు కూడా.

మూడో ఏడు వానలకు కాలవగట్టు బీటలిచ్చింది. తెగితే పల్లపు వీధి మొత్తం మునుగుతుంది కాబట్టి గట్టు మీది ఇళ్లు తీసేయాలని అధికారులు అన్నారు. ఆ ఇళ్లవాళ్లకు కొత్త కాలనీలో స్థలాలు చూపించి, తీర్మానం మీద నాన్నగారు సంతకం పెట్టారు. అది తప్పని నేను ఇప్పటికీ అనను.

మర్నాడు బోణీ వేళకు మెట్ల మీద ఒక మామ్మ కూర్చుని ఉంది. అప్పుడప్పుడూ మాకు తోటకూర తెచ్చిపెట్టే మనిషి, గట్టు మీదే గుడిసె. కాలనీ దూరమనీ, కాళ్లు సాగడం లేదనీ, తన ఒక్క గుడిసె ఉండనివ్వమనీ అడిగింది. అవదని నాన్నగారికి తెలుసు. అయినా బోణీ వేళ ‘లేదు’ అనడానికి ఆయనకు నోరు రాలేదు.

“చూద్దామండి మామ్మగారూ, రేపు మాట్లాడతాను” అన్నారు.

మామ్మ దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ రేపు ఎప్పటికీ రాలేదు, నాన్నగారూ కబురు పెట్టలేదు. ఆవిడ మాత్రం తెలిసినవాళ్లను బతిమాలి తాటాకు తెప్పించుకుని, వానలు ముదరకముందే గుడిసె కొత్తగా కప్పించుకుంది. ఆ సంగతి మాకు పొక్లెయిన్ వచ్చి గట్టంతా చదును చేసిన రోజున తెలిసింది. పాత ఇళ్లతో పాటు ఆ కొత్త కప్పూ కూలిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. కొట్లోకి వెళ్లి, అవదని ఒక్క ముక్క ఎందుకు చెప్పలేకపోయారని నాన్నగారిని నిలదీశాను. ఆయన కొలుస్తున్న గుడ్డ పక్కన పెట్టారు.

“కొట్లో నేను రేపు రమ్మంటే, పక్క కొట్టుకెళ్లి కొనుక్కుంటారమ్మా. ఆవిడ నా మాట పట్టుకుని ఇల్లు కప్పుకుంది” అన్నారు.

మిట్టమధ్యాహ్నం షట్టరు దించేసి గట్టు వైపు నడిచారు. ఎంత కోపంగా ఉన్నా ఆయన్ని ఒక్కరినే పంపబుద్ధి కాక వెనకాలే వెళ్లాను. మామ్మ కూలిన కప్పు కిందనుంచి వాసాలు లాగుతోంది. మమ్మల్ని చూసి తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

“అవదని ఆ రోజే అనుంటే, నా ఇల్లు నేనే ఊడదీసుకుందును కదా బాబూ” అంది. “వాసాలన్నా దక్కేవి.”

నాకు ఏడుపొచ్చింది. నాన్నగారు తప్పు నాదేనండి అన్నారు. తర్వాత చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, ఆవిడ లాగుతున్న వాసానికి రెండో కొస పట్టుకున్నారు.