ఏడుకొండలు గారి ఫొటోకి చోటు

2023 వేసవి. చల్లపల్లి బస్టాండు పక్క సందులో నేను డిజైనింగ్ షాపు పెట్టి అప్పటికి నాలుగేళ్లు. విజయవాడలో మల్టీమీడియా కోర్సు చేసి, యాప్‌లు డిజైన్ చేస్తానని ఊరంతా చెప్పుకుని, చివరికి ఓణీల ఫంక్షన్లకి నెమళ్ల బొమ్మలతో ఫ్లెక్సులు చేస్తూ తేలాను. హైదరాబాద్‌లో స్థిరపడ్డ స్నేహితురాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా నెమళ్లేనా?" అని ఆటపట్టించేవాళ్లు. నేనూ నవ్వేసేదాన్ని. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ విసుగంతా కంప్యూటర్ మీద చూపించేదాన్ని.

సముద్రంలో వేట నిషేధం ఉండే రెండు నెలలూ పడవలు ఒడ్డున ఉంటాయి, మగవాళ్లు ఇళ్లలో ఉంటారు. కోడూరు అవతలి ఊళ్లలో ఫంక్షన్లన్నీ అప్పుడే పెట్టుకుంటారు. అలా ఒక మధ్యాహ్నం నాగమణి గారు, ఆవిడ మరిది పోతురాజు గారు బస్సు దిగి నా షాపుకి వచ్చారు. నాగమణి గారి అమ్మాయి దుర్గకి ఓణీల ఫంక్షన్.

ఫ్లెక్సుకి ఎవరూ రాసిపెట్టని పద్ధతి ఒకటుంది. మధ్యలో అమ్మాయి ఫొటో పెద్దది. కింద వరసలో బతికున్న చుట్టాలు. మేనమామ ఫొటో బాబాయి ఫొటో కన్నా కాస్త చిన్నదైతే చాలు, పందిట్లోనే పంచాయితీ మొదలవుతుంది. పోయినవాళ్లు పై మూల, దండతో, దీపంతో. మా క్రైస్తవుల ఇళ్లలో అయితే దండ బదులు మబ్బులు, పావురం పెడతాం. రోడ్డు మీద వెళ్లేవాడికి కూడా ఆ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు లేరో తెలిసిపోతుంది.

పోతురాజు గారు ఒక పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఇచ్చి, "మా అన్నయ్య ఏడుకొండలు. దుర్గ వాళ్ల నాన్న. పైన దండతో వెయ్యండమ్మా" అన్నారు.

"కింద వెయ్యండి, నా పక్కన" అన్నారు నాగమణి గారు.

ఏం చెయ్యాలో తెలియక ఇద్దరి వంకా చూశాను. పోతురాజు గారే చెప్పారు. రెండేళ్ల కిందట నది సముద్రంలో కలిసే చోట పడవ తిరగబడింది. మిగతావాళ్లు ఈదుకుంటూ ఒడ్డుకి చేరారు. ఏడుకొండలు గారు చేరలేదు, ఎంత వెతికినా ఆయన జాడ లేదు. కర్మ చెయ్యడానికి నాగమణి గారు ఒప్పుకోలేదు. బొట్టు, గాజులు తియ్యలేదు.

దండతో ఫొటో పడితే ఆయన పోయినట్టే అని ఊరు ఇక ఖాయం చేసుకుంటుంది. ఆ తర్వాత ఆవిడ బొట్టు పెట్టుకుని కూతురి పక్కన నిలబడితే, అక్షింతలు వెయ్యబోతే, వెనక్కి రమ్మని చెయ్యి పట్టుకునేవాళ్లు ఉంటారు. ఆవిడ భయమంతా అదే.

"కింద వేస్తే జనం ఏదో ఒకటి అంటారు వదినా. అన్నయ్య రాడని చెప్పుకోవడం నాకు మాత్రం సరదానా?" అన్నారు పోతురాజు గారు. నాకు ఇద్దరి మీదా జాలేసింది. ఎవరి పక్షం మాట్లాడినా రెండోవాళ్లకి అన్యాయం చేసినట్టే అనిపించింది.

"మీ ఫోన్లో ఆయన ఫొటోలన్నీ ఒకసారి చూపించండి" అన్నాను.

అందులో ఒకటి దొరికింది. ఒడ్డున ఇసకలో కూర్చుని ఆయన వల బాగుచేసుకుంటున్నారు, పక్కన దుర్గ వల కొస పట్టుకుని ఉంది. ఇద్దరూ ఎందుకో పగలబడి నవ్వుతున్నారు. పైనా కాదు, కిందా కాదు, మధ్యలో అమ్మాయి పక్కనే తండ్రిని పెడదామన్నాను. ఇద్దరూ సరేనన్నారు.

వెంటనే కటౌట్ చేశాను, అంటే ఫొటోలోంచి మనుషుల్ని మాత్రం కత్తిరించి తీశాను. వెనక నాకు అలవాటైన రాజమహల్ స్తంభాలు, నెమళ్లు వచ్చి కూర్చున్నాయి. ప్రూఫ్, అంటే ప్రింటుకి ముందు చూపించే నమూనా, తెర మీద చూపించాను.

నాగమణి గారు చాలాసేపు చూసి, "సముద్రం ఏదండీ?" అన్నారు.

"ఫంక్షన్ కదండీ, ఇలాగైతే కళగా ఉంటుందని..."

"ఆయన్ని అక్కణ్ణుంచి తియ్యకండి. వస్తే అక్కణ్ణుంచే రావాలి. రాకపోతే అక్కడే ఉన్నట్టు."

కళ్లు తుడుచుకుని, స్తంభాలూ నెమళ్లూ తీసేసి సముద్రాన్ని వెనక్కి తెచ్చాను.

ఇక పేర్లు మిగిలాయి. ఆహ్వానించేవాళ్ల పేర్ల దగ్గర నా చెయ్యి ఆగింది. పోయినవాళ్ల పేరు ముందు 'కీర్తిశేషులు' అని వేస్తాం. పోతురాజు గారి వైపు తిరిగాను. ఆయన తెర మీద నవ్వుతున్న అన్నని చూస్తూ, "పేరు ముందు ఏమీ వద్దమ్మా. వదిన పేరు పక్కన వెయ్యండి" అన్నారు. నాగమణి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నారు.

ఫంక్షన్ అయ్యాక పోతురాజు గారు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. నాగమణి గారు ఇంత బొట్టు పెట్టుకుని, తల్లో పూలతో, కూతురి తల మీద అక్షింతలు వేస్తున్నారు.

ఇప్పుడు హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇక్కణ్ణుంచే యాప్‌లు కూడా చేస్తున్నాను. పైకొచ్చానని ఇంట్లోవాళ్లకి సంబరం. ఫ్లెక్సులు మాత్రం మానలేదు. డిజైన్ అంటే ఉన్న జాగాలో అన్నీ అందంగా సర్దడమని కోర్సులో నేర్పారు. ఉన్నాడో లేడో తెలియని మనిషికి కూడా తనవాళ్ల మధ్య చోటు చూపించాల్సి వస్తుందని, ఆ చోటు దొరికితే ఒక తల్లి తన కూతురి పక్కన నిలబడగలుగుతుందని ఆ రోజు తెలిసింది. నా పని చిన్నదని ఆ తర్వాత ఎప్పుడూ అనుకోలేదు.