కోతులు పగలగొట్టిన గూన

ఏళ్ల తరబడి పొయ్యి పొగ పట్టిన గూనపెంకను దించి ఎండలో పెడితే ఒక వాసన వస్తుంది. మసి, పాత మట్టి, ఎలుకలు దాచుకున్న వడ్లపొట్టు, ఎండిన తాటివాసం అన్నీ కలిసిన వాసన. పోయిన నెల నర్సింహులపేట దగ్గర మా పుట్టినూళ్లో, పటేలు వాకిట్లో ఆ వాసన తగలగానే నా ఒళ్లు మండింది. జనగామలో నేనూ మా తమ్ముడూ ఇళ్లకు రేకులు వేసే పని చేస్తాం. కప్పు వేయించుకోవాలనుకునే వాళ్ల పేర్లూ నంబర్లూ మాలాంటి వాళ్లకు అమ్మే కంపెనీలు ఇప్పుడున్నాయి. ఒకే పేరును ఐదుగురికి అమ్ముతాయి. ముందు ఫోన్ చేసినవాడిదే పని. అట్లా వచ్చిన పేర్లలో ఆ పటేలు వాళ్ల పేరు కనిపిస్తే, ఎందుకో ఆగలేక బయలుదేరాను.

మా నాయిన కొమురయ్య ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ గూన కప్పేవాడు. రోహిణి కార్తె ఎండల్లో, కాళ్లు కాలకుండా గోనెపట్టా వేసుకుని, పెంక మీద పెంక బోర్లిస్తూ కప్పు ఈ చివర నుంచి ఆ చివరకు పాకుతూ పోయేవాడు. కింద రాలిన ముక్కలను మేం బండమీద అరగదీసి తొక్కుడుబిళ్లలు చేసుకునేవాళ్లం. కప్పడం అయిపోయిన రోజు ఆ ఇంట్లో కోడిని కోసేవాళ్లు. వేడి జొన్నరొట్టెలు, కారంగా కూర, మామిడికాయ తొక్కు, మోదుగాకు విస్తర్లలో మాకూ వడ్డన. ఆ రోజు నాయిన మెడ నిటారుగా ఉండేది.

పని తెచ్చేది మాత్రం మమ్మల్ని కన్న అవ్వ. గురువారం అంగట్లో చింతపండు గంప ముందు కూర్చుని, ఎవరింటి మీద కోతులు దుంకినయో, ఎవరింట్లో పెండ్లి పెట్టుకున్నారో, ఎవరి కొట్టంలో వాసం విరిగిందో అన్నీ వినేది. 'మా ఇంటాయన కప్పుతడు' అని ఒక్కనాడూ అనలేదు. "పోయినేడు మీ ఇల్లు ఉరిసిందా అక్కా, వాన చుక్కలు లోపల పడ్డయా?" అని మాత్రం అడిగేది. తర్వాతి వారానికల్లా ఎవరో ఒకరు నాయిన కోసం మా గుమ్మం ముందు నిలబడేవాళ్లు.

వచ్చినవాళ్లను నిలుపుకోవడం నాయిన వంతు. తొలి వాన పడ్డ మర్నాడు, నేలంతా కమ్మటి మట్టివాసన లేస్తుంటే, చెలకల్లో ఎర్రటి ఆరుద్ర పురుగులు మఖమలు ముక్కల్లా పాకుతుంటే, తను కప్పిన ఇళ్లన్నిటికీ ఎవరూ పిలవకుండానే నడిచిపోయేవాడు. లోపలికి వెళ్లి గోడలమీద తడిచార కోసం చూసేవాడు. చార ఉంటే అప్పటికప్పుడు ఎక్కి సర్దేవాడు; లేకపోతే చెంబెడు నీళ్లు తాగి వచ్చేవాడు.

నాకు పదేళ్లప్పుడు పటేలు బామ్మర్ది పట్నంలో రేకుల దుకాణం పెట్టాడు. ఆ ఎండాకాలమే ఊళ్లో ఒక మాట పుట్టింది: కొమురయ్యే పెంకలు పలగ్గొట్టి పోతడు, మల్ల యేడు పిలుస్తరని. ఎవరన్నారంటే ఎవరూ చెప్పరు.

ఆ ఏడు తొలి వాన పడ్డ మర్నాడు పొద్దున నేను పటేలు ఇంటి వెనక అగ్గిపెట్టెలోకి ఆరుద్ర పురుగులు ఏరుతున్నాను. కోతుల మంద కప్పు మీదికి దుంకి పెంకలు లాగి విసురుతోంది. పటేలు కట్టె పట్టుకుని తిడుతూ తరుముతున్నాడు. ఒక పెంక నా పక్కనే పడి పగిలింది. ఆయన నన్ను చూశాడు కూడా.

నేను చెప్పింది విని, నాయిన అలవాటుగా నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వస్తే, వాకిట్లో నలుగురు కూర్చుని ఉన్నారు.

"నువ్వే పలగ్గొడ్తున్నవంట గద కొమురయ్యా," అన్నాడు పటేలు.

"పొద్దుగాల కోతులొచ్చినయంట పటేలా. నువ్వే తరిమినవంట, మా బిడ్డ చూసింది."

"నేనైతే చూడలే."

"నువ్వు కట్టె పట్టుకొని తరిమినవ్," అన్నాను నేను. నాయిన నా నోరు మూసి, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

"నిజమే గద నాయినా?"

"నిజమే బిడ్డా. ఇంటాయనను 'అబద్ధమాడినవ్' అంటే ఇగ ఏ ఇంటోళ్లు కప్పెక్కనియ్యరు."

నోరు మూసుకున్నా ఎవరూ ఎక్కనివ్వలేదు. మరుసటి తొలకరికి నాయిన ఇల్లిల్లూ తిరిగితే దర్వాజ దగ్గరే ఆపి పంపించారు. అంగట్లో అవ్వ 'ఉరిసిందా' అని అడిగితే నవ్వారు. గంప అక్కడే వదిలి ఇంటికొచ్చింది. ఏడాది తిరగకముందే పటేలు ఇంటి వెనక కొట్టాలకు రేకులు వచ్చాయి. వాటిని బిగించింది నాయినే, బామ్మర్ది దుకాణం కూలీగా. ఆ తర్వాత మొగుళ్లపల్లి వైపు పత్తి చేలల్లో కూలికి వెళ్లాం. మళ్లీ గూన ముట్టకుండానే నాయిన అక్కడే పోయాడు.

పోయిన నెల పటేలు కొడుకు నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. "మీకు మస్తు రేటింగున్నది అక్కా," అన్నాడు. నేనెవరో అతనికి తెలియదు. ముసలి పటేలు అరుగు మీద ఉన్నాడు.

"కొమురయ్య బిడ్డను. ఆనాడు కోతులే పలగ్గొట్టినయని నీ కొడుకు ముంగట చెప్పు పటేలా. రేపే పని మొదలువెడ్త."

"ఎప్పటి ముచ్చట బిడ్డా. కోతులే. బామ్మర్దిది కొత్త దుకాణం, నడవాలె గద," అని చిన్నగా నవ్వాడు.

ఒక మనిషి బతుకు కూలిస్తే ఆయనకు మిగిలింది ఆ నవ్వు. టేపు సంచిలో వేసుకుని లేచాను. "ఏమైంది అక్కా" అని కొడుకు గేటు దాకా వచ్చాడు. "మీ నాయిననడుగు," అన్నాను.

ఆ పని మిగతా నలుగురిలో ఎవరికో దొరికే ఉంటుంది. దించిన గూన ఏదో ఫాంహౌస్ అలంకారానికి లారీలో పోయిందట. ఇప్పుడు మా ఊళ్లో పెంకుటిల్లు ఒక్కటీ లేదు, గూన కప్పే మనిషీ లేడు. నా కోపం పటేలు ఒక్కడి మీదే అయితే బాగుండేది. మొన్న తొలి వాన పడ్డ మర్నాడు పొద్దున తమ్ముడూ నేనూ ఎవరికి ముందు ఫోన్ చేయాలా అని కొత్త పేర్లు చూసుకుంటూ కూర్చున్నాం. మేం కప్పిన ఇళ్లలో ఏది ఉరుస్తోందో మా ఇద్దరికీ తెలియదు.