అడగనిదే పిలవని సారు

సారు పోయిన కబురు నాకు మా ఆయన చెప్పాడు. ఈ వరస కొంచెం తిరగబడ్డ వరస. సారంటే నాకు జనగామ హైస్కూల్లో లెక్కలు చెప్పినాయన. పెళ్లయ్యాక మేం ఇల్లు కట్టుకున్న వీధిలో రెండిళ్ల అవతలే ఆయన ఇల్లు. అయినా మొన్న పొద్దున, నేను పాఠాలు చెప్పే బడికి పోవడానికి నర్మెట్ట బస్సులో కూర్చుని ఉండగా, చెల్పూర్ కరెంటు ప్లాంటులో డ్యూటీలో ఉన్న మా ఆయన ఫోన్ చేసి, "సారు పోయిండు. వరంగల్ దవాఖానల, తెల్లారంగ" అన్నాడు. "నీకెవలు చెప్పిన్రు?" అని అడిగాను. "మావోళ్లు చెప్పిన్రు" అన్నాడు. అంత దుఃఖంలోనూ నాకు చిన్న కుళ్లు పుట్టింది. నా సారు సంగతి నాకంటే ముందు తెలిసేటంత దగ్గరివాళ్లు మా ఆయనకు ఎలా దొరికారో చెబితే, సారు ఎలాంటివాడో చెప్పినట్టే అవుతుంది.

క్లాసులో సారు లెక్క చేసి చూపించి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. "అర్థమైందా?" అని ఎన్నడూ అనలేదు. అంటే అందరం ఒక్క గొంతుతో "అయింది సార్" అంటామని ఆయనకు తెలుసు. మాలో ఒకరు చెయ్యెత్తి, "సార్, గది ఎట్లొచ్చింది?" అని అడిగేదాకా కదిలేవాడు కాదు. ఎవరూ అడగకపోతే మర్నాడు మళ్లీ అదే లెక్క. "అడగంది అమ్మైనా పెట్టదంటరు. నేనేమన్న అమ్మకంటె ఎక్కువనా?" అని నవ్వేవాడు. ఆ క్లాసులో అందరికంటే ఎక్కువ చెయ్యెత్తిన పిల్లను నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు, నాకు లెక్కలు నిజంగానే రావు.

ఆయన దగ్గర మా వీధికంతా అంతుపట్టని సంగతి ఒకటుండేది. నెలకో శనివారం సాయంత్రం, మే నెల ఎండల్లో కూడా, నల్లకోటు తొడుక్కుని, చేతిలో చిన్న తోలుపెట్టె పట్టుకుని బయల్దేరేవాడు. మర్నాడు పొద్దున ఆయన పెరట్లో తీగ మీద ఉతికిన తెల్ల గ్లౌజులు ఆరుతుండేవి. సారు వకీలు కాదు, పాస్టరు కాదు, బ్యాండు మేళంలో లేడు. మా అత్తమ్మ మాత్రం ఎప్పుడో తేల్చేసింది. "జాదూఘర్‌కు పోతడు. అండ్ల పుర్రె ఉంటదట, దాంతోని ముచ్చట పెడ్తరట" అని చేతులు తిప్పి చెప్పేది. ఆ పుర్రె ఏం మాట్లాడుతుందని అడిగితే మాత్రం కసురుకునేది.

సారు ఫ్రీమేసన్. ఎన్నో తరాల కింద, రాళ్లు చెక్కి గుళ్లూ కోటలూ కట్టిన మేస్త్రీల సంఘాల నుంచి పుట్టిందట అది. కులం, మతం, హోదా గుమ్మం బయట వదిలేసి, దేవుణ్ణి నమ్మే మగవాళ్లు అన్నదమ్ముల్లా కలుసుకునే చోటు. వాళ్లు దాన్ని లాడ్జి అంటారు. మన ఊళ్లో లాడ్జి అంటే బస్టాండు పక్కన గదులు అద్దెకిచ్చేదే కాబట్టి సారు తెలివిగా "మీటింగు" అనేవాడు. జనగామలో ఒక మేడ మీది హాల్లో కలిసేవాళ్లు. మానుకోట నుంచి, భూపాలపల్లి నుంచి కూడా వచ్చేవాళ్లు.

మా ఆయన మాట తక్కువ మనిషి. వారమంతా చెల్పూర్ క్వార్టర్లో ఒంటరిగా, శనివారం సాయంత్రం ఇంటికి. దోస్తు అని చెప్పుకోవడానికి ఒక్కడు లేడు. ఒక శనివారం బస్సు దిగి ఆ మేడ ముందు నుంచి నడిచి వస్తూ, సారునూ ఇంకో పదిమందినీ మెట్లు దిగుతుండగా చూశాడట. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నవ్వుకుంటూ దిగుతున్నారట. "పెద్ద మనుషులు, తాగకుంట, గట్ల నవ్వుడు నేనెన్నడు చూడలే" అన్నాడు ఇంటికొచ్చి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూసి నాకు జాలేసింది. ఆయనకు ఆ గుంపులో ఉండాలని ఉంది.

అప్పటి నుంచి మీటింగు ఉన్న శనివారం ఏదో వంకతో గేటు దగ్గర నిలబడేవాడు. సారు వచ్చేవాడు, "బాగున్నవా?" అనేవాడు, పోయేవాడు. మా ఆయన లోపలికొచ్చి అలిగేవాడు.

"ఒక్కసారన్న రమ్మంటే ఆయన సొమ్మేం పోతది?"

"నువ్వే అడగరాదు?"

"పిలవని పేరంటానికి ఎట్ల పోత? నాకు ఇజ్జత్ లేదా?"

బొట్టు పెట్టి పిలవనిదే పెళ్లికి పోని ఇంట్లో పుట్టినవాడు. ఇలా ఏళ్లు గడిచాయి. అవతల సారు భార్య, మేం పెద్దమ్మ అంటాం, తర్వాత నాతో చెప్పింది. ప్రతి మీటింగుకూ సారు కోటు విప్పుతూ, "ఆ పిలగాడు ఇయ్యాల గూడ అడగలేదే" అని ఉసూరుమనేవాడట.

చివరికి నాకే విసుగొచ్చింది. ఒక ఆదివారం సర్వపిండి కాల్చి గిన్నెలో పెట్టుకుని పోయాను. సారు వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. గిన్నె చేతికిచ్చి అడిగేశాను.

"సారూ, కోపం చెయ్యద్దు. మా ఆయనను మీ మీటింగుకు ఎందుకు తీస్కపోరు? ఆయనల ఏం తక్కువైంది?"

సారు దిగ్గున లేచాడు. గిన్నె కింద పడేదే. "ఓ, వింటున్నవా! అడిగిన్రు!" అని లోపలికి కేకేశాడు. పెద్దమ్మ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. అంతలోనే ఆయన మొహం పంతులు మొహమైంది.

"కాని బిడ్డా, నువ్వు అడిగితే చెల్లది. ఆయన నోటితోనే రావాలె. మేం ఎవ్వర్నీ రమ్మని పిలువం. అది మా పద్ధతి. పిలిస్తె మొహమాటానికి వస్తరు. మొహమాటానికి వచ్చినోడు మొహమాటానికే ఉంటడు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పిలవాలని ఒకాయన, అడగాలని ఒకాయన, మధ్యలో రెండిళ్లు!

ఆ శనివారం మా ఆయనకు సంగతి చెప్పాను. వెంటనే స్నానం చేసి, మా తమ్ముడి పెళ్లికి కుట్టించిన చొక్కా వేసుకున్నాడు. సారు గేటు దాకా పోయి వెనక్కొచ్చాడు. "ఏమని అడగాలె?" అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు అడుగు" అని నెట్టాను. నేనూ అత్తమ్మా గోడ మీది నుంచి తొంగి చూశాం. చేతులు రుద్దుకుంటూ ఏదో అన్నాడు. సారు ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని వదల్లేదు.

కాని సారు ఊరికే పొంగిపోయే మనిషి కాదు. ఆ సాయంత్రమే ముక్కుసూటిగా చెప్పాడు. "కాంట్రాక్టులు దొరుకుతయని, ప్రమోషన్ వస్తదని వచ్చేదుంటె చాయ్ తాగి పో. లోపల రాజకీయం లేదు, మతం కొట్లాట లేదు. నెలనెలా రావాలె. నీ పని, నీ ఇల్లు మొదలు, తర్వాతనే మేము. ఇంక మీ ఇంట్ల ఒప్పుకోకపోతె అసలు ముచ్చటనే లేదు. మేము వచ్చి ఆమెను అడుగుతం."

ఆమె అంటే నేను.

వాళ్లు వచ్చిన ఆదివారం మా ఇంట్లో పెళ్లిచూపుల హడావుడే, కాకపోతే ఈసారి తల వంచుకుని కూర్చున్నది మా ఆయన. మానుకోట నుంచి పళ్ల డాక్టరు, భూపాలపల్లి నుంచి బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన ఆఫీసరు, వాళ్లతో మా సారు. పేరు ప్రతిపాదించినవాడు కాబట్టి సారు ఆ రోజు నోరెత్తకూడదట. పాపం, సకినం కొరుకుతూ కూర్చున్నాడు. అత్తమ్మ లోపలి గదిలో, కొడుకును పట్టుకుపోవడానికే వచ్చారన్నట్టు తలుపు సందులోంచి చూస్తోంది.

డాక్టరు మా ఆయనను దేవుణ్ణి నమ్ముతావా, ఎందుకు రావాలనుకుంటున్నావు అని అడిగాడు. "నాకు దోస్తులు లేరు సార్" అన్నాడు మా ఆయన. డాక్టరు నా వైపు తిరిగాడు.

"అమ్మా, మీకు ఇష్టమేనా? లేదంటె ఇది ఇక్కణ్ణే ఆగుతది. ఎందుకని మేం అడగం, మిమ్మల్ని ఎవ్వరు ఏమనరు."

నా పెళ్లప్పుడు పట్టుచీర ఏ రంగు కావాలని అడిగారు. ఇల్లు కట్టినప్పుడు గ్యాసు బండ ఎటు పెట్టాలని అడిగారు. ఒక పని జరగాలా వద్దా అన్నది నా మాట మీద ఆపి, నలుగురు మగవాళ్లు నా మొహంలోకి చూడటం అదే మొదటిసారి. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఏళ్ల కోరిక నా నాలుక మీద ఉందని ఆయనకు తెలుసు. నాకు భయంగానూ ఉంది, ఎగిరి గంతేయాలనీ ఉంది.

"నేను హాలు చూడాలె. చూడకుంట చెప్పను" అన్నాను.

గనుల ఆఫీసరు దగ్గాడు. డాక్టరు సారు వైపు చూశాడు. మాట్లాడకూడని సారు ఉండబట్టలేక, "నా స్టూడెంటు" అని గట్టిగా నవ్వేశాడు.

మరుసటి ఆదివారం పొద్దున ఆయనే తాళం తీసి మమ్మల్ని పైకి తీసుకుపోయాడు. అత్తమ్మ కూడా బయల్దేరింది, పుర్రెను చూడాలని. నలుపు తెలుపు గళ్ల నేల, గోడల వెంట వరసగా కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల, దాని మీద తాపీ మేస్త్రీలు వాడే మూలమట్టం, ఒక వృత్తలేఖిని. ఒక మూల భగవద్గీత, ఖురాన్, బైబిల్ పక్కపక్కన ఉన్నాయి. అత్తమ్మ తిన్నగా బీరువా దగ్గరికి పోయి, సారు వద్దనేలోగా తలుపు తీసింది. లోపల చాయ్ కప్పులు, మడత పెట్టిన బల్లగుడ్డలు.

"గింతేనా సారూ? గీ దానికా గంత దాపరికం?"

"దాచిపెడ్తెనే కదా అవ్వా, మనిషి ఎతుక్కుంట వచ్చేది" అన్నాడు సారు. అత్తమ్మ నిరాశగా కుర్చీలో కూలబడింది.

నేను ఒకటే అడిగాను. "ఆడోళ్లు ఎందుకు లేరు సారూ?"

సారు ఏ కథా చెప్పలేదు. పాతకాలం రివాజు అని దాటేయలేదు. "కొన్ని దేశాలల్ల ఆడోళ్లవి వేరే ఉన్నయట. ఇక్కడైతె లేదు. ఎందుకు లేదంటె నాకు సరైన జవాబు రాదు బిడ్డా. ఉన్నదని అబద్ధమాడను" అన్నాడు. లెక్క రాకపోతే రాదని ఒప్పుకునే పంతులు ఉన్నచోటికి మా ఆయనను పంపడానికి నాకేం భయం? అక్కడే సరే అన్నాను. మా ఆయన అందరి ముందూ నా చెయ్యి పట్టుకున్నాడు, పెళ్లినాడు కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

ఇంకా ఓటు ఉంది. సభ్యులంతా ఒక పెట్టెలో తెల్ల గోళీయో నల్ల గోళీయో వేస్తారు. ఎవరు ఏది వేశారో తెలియదు. నల్లది పడితే కథ కంచికే. ఓటు ఉన్న శనివారం సాయంత్రం మా ఆయన గేటుకూ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. చీకటి పడుతుండగా వీధి మలుపులో నల్లకోటు కనబడింది. సారు ఎప్పుడూ తాపీగా నడిచే మనిషి, ఆ రోజు దాదాపు ఉరికొస్తున్నాడు. గ్లౌజులు తియ్యడం కూడా మరిచిపోయాడు. తెల్లటి చేతులు రెండూ పైకెత్తి ఊపుతుంటే వీధి కుక్కలు మొరిగాయి. మా ఆయన మెట్ల మీద కూర్చుని చిన్న పిల్లాడిలా ఏడ్చాడు. అత్తమ్మ దిష్టి తీసింది.

ఆ తర్వాత మా వీధిలో శనివారాలు రెండు నల్లకోట్లు పక్కపక్కన నడిచాయి. సారు మా ఆయనకు "అన్న" అయ్యాడు. "మరి నాకేమైతరు సారూ, బావనా?" అని ఆటపట్టిస్తే, "నీకు సారునే. నీకు ప్రమోషన్ లేదు" అనేవాడు. మా ఆయన ఇప్పుడు ఫోన్లో గంటసేపు మాట్లాడతాడు, పగలబడి నవ్వుతాడు. అత్తమ్మకు గుండె నొప్పి వచ్చి హైదరాబాద్ తీసుకుపోతే, మాకు ముఖం తెలియని ఇద్దరు దవాఖాన గుమ్మంలో మా కోసం నిలబడి ఉన్నారు. ఒంటరి మనిషికి సారు అన్నదమ్ముల్ని ఇచ్చాడు. నాకు నవ్వే మొగుణ్ణిచ్చాడు. ఈ రుణం నేను తీర్చలేను.

మొన్న మధ్యాహ్నం సారును ఇంటికి తెచ్చారు. పొద్దంతా సన్నటి జల్లు. నల్లకోట్లు తడుస్తూ వచ్చి వాకిట్లో వరసగా నిలబడ్డాయి. పళ్ల డాక్టరు పెద్దమ్మ ముందు చేతులు కట్టుకుని, "మాదొక పద్ధతి ఉన్నదమ్మా. మీరు సరేనంటెనే" అన్నాడు. పెద్దమ్మ తలూపింది. వాళ్లలో ఎవరైనా పోతే, ఆత్మకు చావు లేదనడానికి గుర్తుగా, ఒక్కొక్కరు ఒక తుమ్మకొమ్మ ఉంచి సాగనంపుతారట. మా ఆయన చెల్పూర్ నుంచి వస్తూ దారిలో ఒక చేను గట్టున ఆగి, కొమ్మలు విరిచి కాగితంలో చుట్టుకొచ్చాడు. ఒక్కొక్కరే ముందుకొచ్చి, కొమ్మ ఉంచి, వంగి, పక్కకు తప్పుకున్నారు. ఆఖరున మా ఆయన. ఆయన భుజాలు కదులుతుంటే నేను ఆడవాళ్లతో గడపలో నిలబడి చూస్తున్నాను.

కాగితంలో కొమ్మలు ఇంకా ఉన్నాయి. నన్ను ఎవరూ రమ్మనలేదు. గడప దిగి డాక్టరు ముందుకు పోయాను.

"నాక్కూడ ఒక కొమ్మ ఇయ్యండి సార్."

ఆయన మిగతావాళ్ల వైపు చూశాడు. గ్లౌజు తీసి, ఉత్త చేత్తో ఒక కొమ్మ ఏరి నాకిచ్చాడు. "ముండ్లుంటయి తల్లీ, పైలం."

సారు చెయ్యి పక్కన పెట్టాను. ఒక ముల్లు నా కొంగు పట్టుకుని వదల్లేదు. మెల్లగా విడదీస్తుంటే కొమ్మ కదిలి, పసుప్పచ్చ తుమ్మపూలు కొన్ని రాలి, ఆయన తెల్లటి చొక్కా మీద తడితడిగా అంటుకున్నాయి.