మైలుతుత్తం వేసిన తొట్టె

1986లో ఒంగోలులో ఒక ప్రైవేటు కాలేజీ జువాలజీ ల్యాబులో నేను అసిస్టెంటుని. విద్యార్థులతో రామేశ్వరం వెళ్లిన మా లెక్చరర్ సువార్తమ్మ గారు బతికున్న కోరల్, అంటే పగడపు జీవుల ముక్కలు రెండు, పువ్వుల్లా విచ్చుకునే సీ అనిమోన్లు మూడు తెచ్చి గాజు తొట్టెలో పెట్టారు. ఆవిడది తాత్కాలిక ఉద్యోగం. ఏప్రిల్ ఇన్‌స్పెక్షన్‌లో ఆ తొట్టె మెప్పు పొందితే పర్మనెంటు చేస్తామని కాలేజీ కమిటీ మాటిచ్చింది.

కొత్తపట్నం నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చేవాణ్ణి. ఉప్పు తొట్టెలోనే మిగిలి నీరు మాత్రం ఆవిరవుతుంది కనుక, తగ్గినంత మేరా మంచినీళ్లు పోయాలి. దానికి కాలేజీ బావి నీళ్లు వాడాను. నెల తిరిగేసరికి కోరల్ మీద పచ్చటి వెంట్రుకల్లాంటి నాచు పట్టేసింది.

"బావి పక్కనే మిరప చేను కదండీ. యూరియా నీళ్లలోకి దిగుతోంది. ఆ నైట్రేటే దీనికి ఎరువు" అన్నారావిడ. "ఇక డిస్టిల్డ్ వాటరే పోయండి. వెలుగు తగ్గేలా కిటికీకి గుడ్డ కట్టి, నాచుని చేత్తో పీకుదాం. మందు మాత్రం వద్దు, సుబ్బారావు గారూ."

మూడు వారాల్లో సగం తగ్గింది. ఇంతలో ఆవిడ పేపర్లు దిద్దడానికి గుంటూరు వెళ్లారు. ఇన్‌స్పెక్షన్‌కి రెండు రోజుల ముందు ప్రిన్సిపాల్ ల్యాబుకొచ్చాడు.

"ఏందయ్యా ఇది, పాడుబడ్డ దొరువు గుంటలాగా? మైలుతుత్తం వెయ్యి, పోద్ది."

"మేడం వద్దన్నారండి."

"చేలో తెగులొస్తే మందు కొట్టకుండా పీక్కుంటా కూచుంటామా? నువ్వు రైతు బిడ్డవేనా?"

ఆ మాట నాకు తగిలింది. మా వైపు మందు కొట్టనివాణ్ణి చేతగానివాడి కింద జమకడతారు. కాపర్ సల్ఫేట్ అని రాసున్న మైలుతుత్తం సీసా తీసి అరచెంచా వేశాను.

నాచు చచ్చింది. అనిమోన్లు ముడుచుకుపోయి కుళ్లాయి, కోరల్ తెల్లగా పాలిపోయింది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దమనిషి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ తొట్టె వ్యవహారమంతా మేడం గారిదేనండీ" అన్నాడు ప్రిన్సిపాల్.

ఆ ఉదయమే తిరిగొచ్చిన సువార్తమ్మ గారు నా వైపు చూశారు. "నేను లేనప్పుడు ఇందులో ఏమన్నా వేశారా?"

ప్రిన్సిపాల్ పక్కనే ఉన్నాడు. "లేదండి" అన్నాను.

జూన్‌లో ఆవిణ్ణి మళ్లీ తీసుకోలేదు. నేను అదే ల్యాబులో రిటైరయ్యాను. నాచు పడితే ముందు నీళ్లెక్కడివో చూడాలి, మందు జోలికి పోకూడదు అని కొత్తగా చేరిన ప్రతివాడికీ నేర్పాను. అది నాకెలా తెలిసిందని అడిగితే మాత్రం, సువార్తమ్మ గారు చెప్పారనేవాణ్ణి.