వరుసలో చివరి సైకిలు

అక్క పోయిందన్న కబురు నాకు మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో, బ్యాంకులో నా సీట్లో కూర్చుని ఉండగా తెలిసింది. బావగారు ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేశారు. సెలవుకని ఇద్దరూ ఊరెళ్ళి పట్టుమని వారం కాలేదు. "మీ అక్క పోయింది మ్మా. నేను కాఫీ కలుపుకోని వచ్చేసరికి లేదు. నిద్రలోనే," అన్నారు. ఆయనే మళ్ళీ, "శుక్రవారం సైకిళ్ళు మానుకోవద్దు మీరు. ఆమెకు నచ్చదు అది," అని ఫోన్ పెట్టేశారు.

అక్క నాకు తోడబుట్టింది కాదు. సీబ్‌లో మా కింది ఫ్లాటులో ఉండేవాళ్ళు. ఆమె అల్ ఖువైర్‌లోనే ఒక క్లినిక్‌లో నర్సు. పెళ్ళయిన కూతురుంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, మెడలో తాళి, దాన్ని దాచిపెట్టే మెడ మూసిన ఫుల్ హ్యాండ్స్ జెర్సీ, హెల్మెట్ కింద ముడి. ఆ వయసులో ఆమె సన్న టైర్ల రోడ్డు సైకిలు నేర్చుకోవడానికి కారణం క్లినిక్ గోడ మీది క్యాలెండరు. అందులో ఒక నెలకి ఇటలీ కొండల బొమ్మ ఉంది. పచ్చటి గుట్టల మీద మెలికలు తిరుగుతూ పోయే రోడ్డు, దాని కొసన రాతి ప్రహరీ కట్టిన పాతకాలపు ఊరు, రోడ్డు మీద చీమంత సైకిలు. నెల మారినా ఆ కాగితం మారలేదట. డాక్టరుగారు తేదీలు ఫోన్‌లో చూసుకునేవారట.

"ఆ సైకిలు మింద పోయేది మగోడో ఆడదో తెలీదు గదా మ్మే. నేనే అనుకుంటే పోలా?" అనేది.

అలా అనుకుని ఊరుకుంటే అది వేరు. అక్క ఊరుకోలేదు. తను నేర్చుకుని, నన్ను లాగి, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళని పోగుచేసి శుక్రవారం జట్టు కట్టింది. ఎండెక్కకముందే తిరిగొచ్చేయాలని చీకటితోనే బయల్దేరేవాళ్ళం. సైకిళ్ళు కారెక్కించి, కొండల కింద అల్ హమ్రా దగ్గర దించి, అక్కణ్ణుంచి మిస్ఫా ఊరికి ఎక్కేవాళ్ళం. మిస్ఫా కొండ అంచున రాతి మీద రాయి పేర్చినట్టుండే పాత ఊరు. కింద ఖర్జూర తోటలు, వాటి మధ్య కాలువల్లో గలగలా నీళ్ళు. దూరం పెద్దది కాదు, కానీ ఎక్కుడు మాత్రం ప్రాణం తోడేసేది.

జట్టుకి అక్క పెట్టిన పద్ధతి ఒకటే. ముందు పోయేవాళ్ళు దారిలో ఏది కనిపిస్తే అది అరిచి చెప్పాలి. ఇసుక, గుంత, కారు, మేక. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి వెనక్కి అందాలి. చిట్టచివర ఉన్న మనిషికి అందగానే, ఆ మనిషి "ఉండా" అని, అంటే ఉన్నానని, అరవాలి. ఆ జవాబు వింటే వరుస తెగలేదని, అందరూ ఉన్నారని ముందువాళ్ళకి తెలుస్తుంది. వినపడకపోతే వేగం తగ్గించాలి. ఆ చివరి సైకిలు ఎప్పుడూ అక్కదే. గట్టిగా తొక్కగల మనిషి, అయినా ఏనాడూ ముందుకు రాలేదు. కడప జిల్లా గొంతుతో ఆ "ఉండా" వినగానే నాకు వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టుండేది.

నాది కోనసీమ. పల్లపు నేల మీద పుట్టినదాన్ని, ఎక్కడం ఎలాగో నేర్చుకున్నాను గాని దిగడం నా వల్ల కాలేదు. ఒకసారి మిస్ఫా నుంచి దిగుతుంటే మలుపులో మేక అడ్డొచ్చింది. బ్రేకు గట్టిగా పట్టేశాను. సైకిలు ఒకవైపు, నేను ఒకవైపు. మోచేయి దోక్కుపోయింది, అది నెలలో మానింది. భయం మానలేదు. ఆ తర్వాత ఎక్కేదాకా తొక్కడం, దిగేటప్పుడు మేకని తోలుకొచ్చినట్టు సైకిలుని పక్కన నడిపించుకుంటూ రావడం.

సరిగ్గా అప్పుడే ఇటలీ ప్రయాణం ఖాయమైంది. అక్క, బావగారు, నేను. ఆయన కారు నడుపుతారు, మేమిద్దరం తొక్కుతాం. నేను వెనక్కి తగ్గాను.

"నా వల్ల కాదక్కా. అక్కడన్నీ దిగుళ్ళే. మీరెళ్ళిరండి, ఫొటోలు చూస్తాను."

అక్క బతిమాలలేదు. "నువ్వు రాకుంటే నేనూ పోను. చివర పోయేదానికి ముందర ఒకరుండాల గదా," అంది. అనడమే కాదు, టికెట్ల మాట ఎత్తడం మానేసింది. క్యాలెండరు కాగితం కూడా గోడ మీంచి తీసేసిందని బావగారు చెప్పారు. ఎన్నో ఏళ్ళుగా ఆమె కళ్ళముందు పెట్టుకున్న దారి నా భయం దగ్గర ఆగిపోయింది. "దిగుతానక్కా, నేర్పండి," అన్నాను.

ఆమె నేర్పిన తీరు క్లినిక్‌లోంచి వచ్చింది. సైట్లలో పనిచేసే నిజామాబాద్, కరీంనగర్ కుర్రాళ్ళు ఇంజెక్షనంటే బిగుసుకుపోతే, "పొద్దున్నే ఏం తిన్యావు నాయనా?" అని అడిగేదట. వాడు ఉప్మా అనేలోపు సూది దిగిపోయేది. "మాట్లాడే మనిషి ఊపిరి బిగబట్టడు మ్మే. ఊపిరి బిగబడితేనే చేతులు బిగుసుకునేది," అనేది. నన్ను ముందు పంపి, తను వెనక నిలబడి, కనిపించిన ప్రతిదీ అరవమంది. తెల్ల కారు. తాత. నీళ్ళ ట్యాంకు. ఏమీ లేకపోతే? "ఏమీ లేకుంటే మేక అను. మనూళ్ళో మేక ఎప్పుడైనా రావొచ్చు." నేను ఏడుపు గొంతుతో "మేక" అనేదాన్ని, వెనక నుంచి "ఉండా" వచ్చేది. కొన్ని శుక్రవారాలకి ఏడుపు పోయింది, మేక మిగిలింది.

ఇటలీలో మేము మొదటిరోజే నవ్వులపాలయ్యాం. మస్కట్ అలవాటు ఎక్కడికి పోతుంది? తెల్లవారుజామునే లేచి, బాటిళ్ళన్నీ నింపుకుని, బస ఇంటి తలుపు దగ్గర నిలబడ్డాం. తలుపుకి తాళం. ఆ ఇల్లుగలావిడ జుట్టు చెదిరిపోయి దిగొచ్చి, ఏమైందో అని మమ్మల్ని పైకీ కిందికీ చూసింది. అక్క ఆకాశం వైపు చూపించి, నెత్తి మీద అరచేయి పెట్టి ఎండ అని సైగ చేసింది. ఆవిడ తలుపు తీసి బయట చూపించింది. ఎండ లేదు సరికదా, పొగమంచులో ఎదురు గోడే కనిపించలేదు. మేమిద్దరం పల్చటి జెర్సీల్లో వణుకుతూ లోపలికొచ్చి, ఆవిడ ఇచ్చిన పాలు తాగుతూ తెల్లారేదాకా కూర్చున్నాం.

నీళ్ళ సంగతీ అంతే. జేబుల నిండా బాటిళ్ళు మోసుకుంటూ టస్కనీ గుట్టలెక్కాం. తీరా చూస్తే ప్రతి ఊరి మధ్యలోనూ రాతి తొట్టి, దాని మీద గొట్టం, చల్లటి ధార. అక్క ప్రతిచోటా ఆగి అరచేయి పట్టేది, మొహం కడుక్కునేది, నిండుగా ఉన్న బాటిళ్ళే మళ్ళీ నింపేది. ధార అలా ఊరికే పోతుంటే వదిలి వెళ్ళడం ఆమె వల్ల కాలేదు.

మూడో రోజు క్యాలెండరులో ఉన్నటువంటి రోడ్డు వచ్చింది. అదే ఊరో కాదో మాకు తెలీదు, అక్క అదే అనుకుంది. ద్రాక్ష తోటల మధ్య నుంచి ఎక్కుడు, పైన గోడ, గోడలో కమాను ద్వారం. అంత అందం నేను తట్టుకోలేకపోయాను. ఎంత తొక్కినా ఆ ఊరు పైకి పోతూనే ఉంది. నేను ద్వారం ముందర కాలు దించేశాను. అక్క దించలేదు. మనిషి నడక కన్నా నెమ్మదిగా, ఒక్కో తొక్కుకీ సైకిలు అటూ ఇటూ ఊగుతూ, కమాను కిందుగా లోపలికి పోయింది. అరుగు మీద కూర్చున్న ముసలాయన లేచి నిలబడి టోపీ తీశాడు.

నేను నడుచుకుంటూ లోపలికెళ్ళేసరికి అక్క సైకిలు దిగి ఉంది. ఆ గోడ మీద చెయ్యి వేసి నిమిరింది. "దీన్ని కట్టినోళ్ళు రాళ్ళు మోసుకోని ఎక్కినారు మ్మే. మనం ఉత్త చేతుల్తో వచ్చినాం," అంది. ఇంకాసేపటికి, "మన మిస్ఫా కట్టినోళ్ళూ ఇంతే గదా," అంది. నేను గోడని కాదు, ఆమెని చూస్తున్నాను. ఇంత మనిషి మా కింది ఫ్లాటులో ఉందా అనిపించింది.

అవతలి వైపు దిగుడు పెద్దది. నేను ముందు. ఇసుక, ట్రాక్టరు, చర్చి, మేక, మేక. మేకలెక్కడా లేవు. ప్రతి మలుపులోనూ నా వెనక "ఉండా, ఉండా". కిందికొచ్చి ఆగేసరికి నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి, గాలి వల్ల కాదు. అక్క పక్కకొచ్చి జేబులోంచి వేరుశనగ ఉండ తీసి ఇచ్చింది. "తిను. పొద్దున్నే ఏం తిన్యావు?" అంది.

మొన్న శుక్రవారం అందరం వచ్చాం. మిస్ఫా ఎక్కాం, తోటల కాలువ దగ్గర కూర్చున్నాం, దిగడం మొదలుపెట్టాం. ఎప్పటిలాగే నేను ముందు. రెండో మలుపులో నిజంగానే మేక. "మేక," అని అరిచాను. మాట వెనక్కి పోయింది, మేక, మేక, మేక. ఆ తర్వాత ఏమీ లేదు. చివర ఎవరుండాలో ఆ పొద్దున మాలో ఒక్కరికీ అడగాలని తోచలేదు. జవాబు రాకపోతే వేగం తగ్గించాలి కాబట్టి అందరం తగ్గించాం. కొండ మీద చక్రాల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

నేను రోడ్డు పక్కకి తప్పుకున్నాను. ఒక్కొక్కరే నన్ను దాటి పోయారు. ఆఖరి ఆమె పోయాక ఆ వెనక చేరాను. అక్క ఇన్నేళ్ళూ చూసింది ఇదన్నమాట. ఎవరి మొహాలూ కనిపించవు, అందరి వీపులూ కనిపిస్తాయి. ఎవరు బిగుసుకున్నారో, ఎవరు భయపడుతున్నారో అన్నీ తెలుస్తాయి. గట్టిగా అరిచాను.

"ఉండా."

ముందు బ్రేకులు వదిలిన చప్పుడు వినపడింది. వాళ్ళ సైకిళ్ళ వెనక దీపాలు ఒక్కొక్కటే ఎర్రగా మలుపు తిరుగుతూ, కింద తోటల వైపు దిగిపోతున్నాయి.