కవచం లోపల దురద

పాతకాలపు యుద్ధాల గురించి ఎవరైనా పౌరుషంగా మాట్లాడితే ఇప్పటికీ నాకు వీపు దురద పెడుతుంది. రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో నేను బహ్రెయిన్‌లో, మామీర్ దగ్గర ఒక వర్క్‌షాపులో ఏసీ గాలి పోయే రేకు గొట్టాలు, డక్టులు చేసేవాణ్ణి. ఎదురెదురుగా నిలబడి కత్తి దూయడమంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే.

మా తెలుగు చర్చి సహవాసంలో దావీదు గొల్యాతు నాటకం వేయిద్దామన్నారు పాస్టరమ్మగారు. గొల్యాతు రాకముందు రెండు సైన్యాలూ కాసేపు కొట్టుకోవాలి (సైన్యానికి నలుగురు, మిగతావాళ్లకి ఓవర్‌టైం). నాకు ఎదురుగా, శత్రువులైన ఫిలిష్తీయుల వైపు, రాజోలన్నని నిలబెట్టారు. మా గదిలో కింది మంచం ఆయనది, పై మంచం నాది. ఆయనకి ఏసీ గడ్డకట్టేలా ఉండాలి, నాకు పడదు. అక్కడ మాటలు ఆగిపోయి నెల దాటింది. నాటకం మర్నాడే ఆయన బుదైయా క్యాంపుకి మారిపోతున్నాడు. కొత్తలో నేను ఇంటిమీద బెంగతో తిండి మానేస్తే చేపల పులుసు వండిపెట్టిన మనిషి, పలకరించకుండానే పోతాడేమోనని నా గుబులు.

కవచాలు డక్టు రేకుతో మేమే చేశాం. ఇన్సులేషన్ లేని రేకు బయటికి పంపడం మా చేతులకి అలవాటు లేదు కనుక, లోపల గ్లాస్‌వుల్ అనే గాజు పీచు పరిచి పైన పల్చటి గుడ్డ అతికించాం.

శుక్రవారం మధ్యాహ్నం, సనాబిస్‌లో అద్దె హాలు. తెర లేచింది. తలమీది రేకు టోపీలోంచి నాకు రాజోలన్న ముక్కు ఒక్కటే కనిపిస్తోంది. నా ఊపిరి నాకే బుసలా వినబడుతోంది. ఈలోగా చెమటకి గుడ్డ తడిసి గ్లాస్‌వుల్ డ్యూటీ ఎక్కింది. వెనకటి సైనికుల సంగతేమో గానీ, నేను మాత్రం శత్రువు గురించి ఆలోచించడం మానేశాను.

"ఒరే," అన్నాడు రాజోలన్న, నెల తర్వాత మొదటి మాటగా. "వీపు గోకరా."

"నువ్వు ఫిలిష్తీయుడివి అన్నా."

"ముందు గోకు. తర్వాత చంపుదువుగాని."

కావలించుకుని, ఒకరి కవచంలోకి ఒకరం కత్తులు దూర్చి గోక్కున్నాం. "యుద్ధం చెయ్యండి బాబూ," అని తెర పక్కనుంచి పాస్టరమ్మగారు. ముందు వరస ఆంటీలు మాత్రం మేం సమాధానపడ్డామని చప్పట్లు కొట్టారు. (గొల్యాతైతే దావీదు రాయి తగలకముందే పడిపోయి, నేలకి వీపు రుద్దుకున్నాడు.)

మర్నాడు సామాను వ్యాను ఎక్కిస్తూ, "ఇంక ఏసీ నీ ఇష్టంరా," అన్నాడు రాజోలన్న. ఆ సాయంత్రం నేను దాన్ని ఆయన పెట్టుకునే చల్లదనానికే తిప్పి, రెండు దుప్పట్లు కప్పుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లోనూ అంతే. "చలిగా ఉంటే తగ్గించొచ్చుగా," అంటుంది మా ఆవిడ. అటు తిరిగి, కాస్త వీపు గోకమంటాను.